వెనక్కి వెళ్ళిన అడుగులు

ఆ రోజు పదకొండున్నరకి ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు నలుగురు మనుషులు, ఒక కుక్క.

ఇంటి యజమానురాలు ఓబ్దూలియా అమ్మగారికి డెబ్భై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళుగా చర్చిలోని మంచుమాత స్వరూపానికి పట్టుబట్ట కట్టి కిరీటం పెట్టే చేతులు ఆవిడవి. పొయ్యి దగ్గర వంటమనిషి మెల్చోరా. మేడగదిలో అద్దెకుండే పంతులు అబుందియో. బడి మానేసి పదేళ్ళయినా మెడకి టై లేకుండా ఎవరికీ కనబడడు. నాలుగో మనిషి ఇలారియో, మాత పల్లకి మోసే ఎనిమిదో జట్టుకి పెద్ద. తన జట్టు వంతు వచ్చేలోపు ఒక గ్లాసు చిచా, మొక్కజొన్న కల్లు, తాగిపోదామని వచ్చి, పదకొండు ముప్పై ఆరుకి మూతి తుడుచుకుంటూ వెళ్ళాడు. కుక్క పేరు సార్జెంట్. దానికి పదమూడేళ్ళు, ఒక కన్ను లేదు.

ఇన్‌స్పెక్టర్ డెల్ఫినా యౌరి ఇవన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది. కుక్కని కూడా రాసింది. ఈ తామ్యాపంపా ఊళ్ళో భూమి కదిలే ముందు మనుషుల కంటే కుక్కలకి తెలుస్తుంది. వాటిలో సార్జెంట్‌కి ఇంకా ముందు తెలుస్తుంది.

"ఇది మొరిగిందా, మెల్చోరా?"

"ఇదా? చారులో ఎముక పడితే తప్ప కన్ను తెరవలేదు."

డెల్ఫినా వచ్చేసరికి పన్నెండు యాభై అయింది. పక్క తాలూకా నుంచి జీపులో నలభై నిమిషాలు. పదకొండేళ్ళ తర్వాత ఈ సందులో అడుగుపెట్టింది. కుమ్మరి సందు మలుపులో మొదటి ఇల్లు. తలుపు బార్లా తెరిచే ఉంది. దానికి అడ్డంగా పెట్టిన ఏటిరాయి, గొర్రె తలకాయంత రాయి, అక్కడే ఉంది. చిన్నప్పుడు దాని మీద కూర్చుని మొక్కజొన్న గుగ్గిళ్ళు తినేది. ఇప్పుడు ఆ రాయి చిన్నదైపోయినట్టు అనిపించింది. లోపల మాడిన మొక్కజొన్న వాసన, గోడకి వేలాడే సీమదానిమ్మ ఎండు తొనల వాసన. ఆ వాసనకి ఆమె ఒక క్షణం తను ఎందుకొచ్చిందో మరిచిపోయింది.

వచ్చిన పని చిన్నది కాదు. పదకొండు నలభైకి సందంతా "భూకంపం!" అని కేకలు వేస్తూ కిందికి పరిగెత్తింది. భూమి మాత్రం కదల్లేదు. మెట్ల దగ్గర ముసలి హార్ప్ వాద్యకారుడు ఎవరిస్తో జనం కాళ్ళ కింద పడి, పక్కటెముకలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. పదకొండు నలభై నాలుగుకి జనం తిరిగొచ్చి చూస్తే మాత తల మీద వెండి కిరీటం లేదు. పల్లకి పక్కన ఇలారియో ఒక్కడే నిలబడి ఉన్నాడు. పన్నెండు కొట్టేలోపు కెప్టెన్ బెసెర్రా అతన్ని స్టేషన్‌లో పెట్టి తాళం వేశాడు. మూడు గంటల బస్సుకి జిల్లా జైలుకి పంపిస్తానన్నాడు. అప్పటికే చౌకులో జనం చేరుతున్నారు. వాళ్ళు అరవడం లేదు. డెల్ఫినాకి భయం వేసింది అందుకే.

ఓబ్దూలియా పొయ్యి దగ్గర వీపు తిప్పి కూర్చుని బంగాళాదుంపలు ఒలుస్తోంది. లోపలికొచ్చిన దగ్గర్నుంచీ ఒక్కమాటే అంది. "చిక్కిపోయావు. ఆ టోపీ నీకు బాగోలేదు."

"మద్రీనా, నాతో మాట్లాడాలి."

"ముందు వాళ్ళతో మాట్లాడు. నేను ఎక్కడికి పోతాను?"

మద్రీనా అంటే జ్ఞానస్నానం రోజున తనని చేతుల్లోకి తీసుకున్న మనిషి. ఆరేళ్ళప్పుడు అమ్మానాన్నా మట్టిలో కలిసిపోయాక అన్నం పెట్టిన మనిషి. ఆవిడ మాట కాదనడం డెల్ఫినాకి ఇప్పటికీ రాదు.

"ముందు ఎవరు అరిచారు మెల్చోరా?"

"ఎవరేంటమ్మా, లోకమంతా అరిచింది!"

"లోకమంతా ఒకేసారి నోరు తెరుస్తుందా?"

"మా సందు తెరుస్తుంది. నువ్వు పట్నం పోయి మర్చిపోయావు."

డెల్ఫినా పెన్సిల్ ఆపింది. పన్నెండున్నరకి ఇదే ప్రశ్న కెప్టెన్ పదిహేడుమందిని అడిగాడట. పదిహేడుమందీ పదిహేడు గొంతులు చెప్పారు. ఒకరు మగగొంతన్నారు, ఒకరు ఆడగొంతన్నారు. ఒకావిడైతే మాతే మాట్లాడిందంది. గుంపులో పడ్డ మనిషికి చెవులు పనిచెయ్యవు. కళ్ళు పనిచేస్తాయి.

"సరే, అరుపు వదిలెయ్. నువ్వు ఎవర్ని చూసి పరిగెత్తావు?"

మెల్చోరా గరిటె పట్టుకుని ఆలోచించింది. ఈ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు.

"పంతుల్ని చూసి. చెప్పులు చేత్తో పట్టుకుని మేడమెట్లు దూకుతున్నాడు. ఆయనే దూకాడంటే ఇంక ఇల్లు పడినట్టే కదా అనుకున్నాను."

"నేను దూకలేదు," అన్నాడు అబుందియో గుమ్మంలోంచి. టై సరిచేసుకున్నాడు. "త్వరగా దిగాను."

"మూడేసి మెట్లు త్వరగా దిగారు," అంది మెల్చోరా.

"నేను చదువుకున్నవాణ్ణి, ఇన్‌స్పెక్టర్ గారూ. మూఢుల్లాగా పరిగెత్తను. నేను వరండాలో నిలబడి ఊరేగింపు చూస్తున్నాను. పల్లకి సరిగ్గా మన గుమ్మం ముందు దిగింది. ఏడో జట్టు తప్పుకుంది, ఎనిమిదో జట్టు ఇంకా లోపలికి రాలేదు. అప్పుడు సబీనా సాంబ్రాణి గిన్నె కింద పారేసింది. ముప్పై ఏళ్ళుగా ఆ గిన్నె పట్టుకుంటోంది. ఒకసారి నిప్పు చేతి మీద పడితే కూడా వదల్లేదు. ఆ గిన్నె రాళ్ళ మీద పడిన చప్పుడు వినగానే నాకు, అంటే నా కాళ్ళకి, తెలిసిపోయింది."

"అంటే మీరు సబీనాని చూసి."

"నా కాళ్ళు చూసి," అన్నాడు పంతులు దిగులుగా. "నేను చూడలేదు."

సబీనా బయట ఏటిరాయి పక్కన కూర్చుంది. మోచేతికి గుడ్డ కట్టుకుంది. సాంబ్రాణి పట్టే ఆడవాళ్ళు పల్లకికి ముందు వెనక్కి వెనక్కి నడుస్తారు. మాతకి వీపు చూపించకూడదు. కాబట్టి ఊరంతా మాత వైపు వస్తుంటే, మాత వెనకున్నవన్నీ చూసేది వాళ్ళే.

"నేను వీపు తిప్పలేదే అమ్మాయ్, రాసుకో," అంది సబీనా మొదటే. "పరిగెత్తాను, కానీ వెనక్కే పరిగెత్తాను. అందుకే ఈ మోచెయ్యి."

"రాసుకున్నాను పిన్నీ. ఎవర్ని చూసి గిన్నె పారేశావు?"

సబీనా వంటింటి వైపు ఒకసారి చూసింది. దుంపలు ఒలిచే చప్పుడు కూడా ఆగింది.

"ఇంకేదైనా అడుగు."

"ఇలారియోని బయటికి తీసుకొస్తే చౌకులో ఏం జరుగుతుందో నీకు తెలుసు."

"తెలుసు. నా ఇద్దరు కొడుకులూ అక్కడే ఉన్నారు. రమ్మంటే రారు. పక్కింటివాళ్ళు కదిలితే కదులుతారట." సబీనా గుడ్డ ముడి బిగించుకుంది. "భూమి కదిలిందో లేదో నాకు తెలియదు. కదిలిందని ఎవరు చెబితే మా సందు నమ్ముతుందో నీకు తెలుసు. నువ్వూ ఈ సందు పిల్లవే. నా నోటితో అనిపించకు."

డెల్ఫినాకి అర్థం కాలేదు. లేదా అర్థం కావడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

*

పల్లకి ఇంకా సందులోనే, ఆ ఇంటి గుమ్మానికి ఏడడుగుల దూరంలో ఉంది. కదిలించడానికి లేదు. వంతు ఏ జట్టుదైతే ఆ జట్టు పెద్ద గంట మూడుసార్లు కొడితేనే పల్లకి లేవాలి. ఆ పెద్ద ఇప్పుడు స్టేషన్‌లో ఉన్నాడు. బిషప్ వచ్చి చెప్పినా ఈ ఊళ్ళో ఇంకొకడు ఆ గంట ముట్టుకోడు. అందుకని మాత మీద టార్పాలిన్ కప్పి వదిలేశారు. ఆ పట్టింపు వల్లే డెల్ఫినాకి ఒక మేలు జరిగింది. చోటు చెక్కుచెదరకుండా ఉంది.

కెప్టెన్ బెసెర్రా పల్లకికి ఆనుకుని సిగరెట్ కాలుస్తున్నాడు. పోలీసు శిక్షణలో ఆమెకి ఒక ఏడాది ముందువాడు. అప్పుడూ ఆమె కొండయాసని వెక్కిరించేవాడు.

"రండి రండి, ఊరి ఆడపడుచు! కుక్కని కూడా విచారించారట?"

"కుక్క అబద్ధం చెప్పలేదు. పల్లకికి ఆనుకోకండి, కెప్టెన్."

"ఎందుకు, మీ మాతకి కోపమా?"

"సాక్ష్యం పాడవుతుంది."

అతను మెల్లగా పక్కకి జరిగాడు. "సాక్ష్యం నేను చూసేశాను. దీని కింద చూడండి. ఉత్తకాళ్ళ అడుగులు. పల్లకి మోసేవాళ్ళు తప్ప ఊరేగింపులో చెప్పుల్లేకుండా ఎవరు నడుస్తారు? పల్లకి దగ్గర మిగిలింది ఇలారియో ఒక్కడే. వాడే అరిచాడు, జనం పోయారు, వాడే తీశాడు. దాచినచోటు జిల్లాలో చెప్పిస్తాను."

డెల్ఫినా మోకాళ్ళ మీద కూర్చుని పల్లకి చుట్టూ వేలాడే ఊదారంగు తెర ఎత్తింది. లోపల నేలంతా నీలంరంగు వేసిన తడి రంపపుపొట్టు. జట్టు మారినప్పుడల్లా పాత జట్టు అడుగులు చెరిగిపోవాలని, పల్లకి దిగిన చోటి ఇంటివాళ్ళు బుట్టెడు పొట్టు కింద పరుస్తారు. ఇక్కడ పరిచింది మెల్చోరా. పదకొండు ముప్పై ఎనిమిదికి. చిన్నప్పుడు ఆ బుట్ట మోసేది డెల్ఫినానే. నీలం రంగు వారంరోజులు చేతులకి పోయేది కాదు. బళ్ళో అందరూ తన చేతులు చూసి కుళ్ళుకునేవాళ్ళు.

"పొట్టు పరిచింది ముప్పై ఎనిమిదికి," అంది. "కాబట్టి ఈ అడుగులు ఆ తర్వాతవి. నలభై నాలుగుకి జనం తిరిగొచ్చారు. ఆరు నిమిషాలు."

"అదే నేనన్నది."

"ఇలారియో పాదం చూశారా మీరు? నాగలికర్రు. అతని అడుగులో ఇలాంటివి రెండు పడతాయి." ఆమె జేన పెట్టి కొలిచింది. జేన దాటలేదు. "ఇంకోటి. భయంతో పరిగెత్తే మనిషి వేళ్ళు నేలలో దిగబడతాయి. ఇక్కడ మడమా వేళ్ళూ సమానంగా ఉన్నాయి. ఈ మనిషి నడిచింది, కెప్టెన్. తొందరపడకుండా నడిచింది."

"నడిచింది అంటున్నారు. ఆడమనిషా?"

డెల్ఫినా నాలుక కరుచుకుంది. "మనిషి."

"మీరు కొలిచిన జేన కోర్టులో చెల్లదు. వాడే ఒప్పుకున్నాడు. పల్లకిని ఒక్క క్షణం కూడా వదల్లేదని సంతకం పెట్టాడు. వదలకపోతే కిరీటం వాడి కళ్ళముందే ఎగిరిపోయిందా?"

"ఏ జట్టు పెద్దా పల్లకిని వదిలానని ఒప్పుకోడు. ఊళ్ళో తలెత్తుకోలేడు. దొంగ అనిపించుకున్నా ఫరవాలేదనుకుంటాడు గానీ, మాతని నడిరోడ్డు మీద వదిలేశాడనిపించుకోడు. నేను ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఎవరిస్తో పక్కటెముకల చుట్టూ ఎవరో ఎర్ర నడికట్టుతో కట్టు కట్టారట. ఎర్ర నడికట్టు జట్టు పెద్దకే ఉంటుంది. ఈ రోజు ఇలారియో నడుముకి అది ఉందా?"

కెప్టెన్ సిగరెట్ పొగ వదిలాడు. చూసుకోలేదని అతని మొహమే చెప్పింది.

"మెట్ల దగ్గరికి పరిగెత్తి ముసలాయన్ని జనం కాళ్ళ కిందనుంచి లాగాడు," అంది డెల్ఫినా. "ఆ నాలుగు నిమిషాలూ ఇక్కడ ఎవరూ లేరు."

"చాలా బాగుంది. మరైతే మీ దొంగ ఎవరు? పేరు చెప్పండి, ఇప్పుడే వదిలేస్తాను. చెప్పలేకపోతే మూడింటికి బస్సు. గుంపంటే ఏమిటో నాకు తెలుసు ఇన్‌స్పెక్టర్. తలకాయ లేని జంతువు. చేతికి ఒకణ్ణి ఇస్తే తిని ఊరుకుంటుంది."

"అతన్ని స్టేషన్ ముందు తలుపులోంచి బస్సు దాకా నడిపించి చూడండి. వంద అడుగులు. సగం కూడా నడవడు."

"నాకు నలుగురు కానిస్టేబుళ్ళు ఉన్నారు."

"ఆ నలుగురూ పక్కవాణ్ణి చూసే నిలబడతారు. ఒకడు వెనక్కి జరిగితే నలుగురూ జరుగుతారు."

అతను నవ్వి వెళ్ళిపోయాడు. సమయం ఒకటీ యాభై.

డెల్ఫినా తెర కింద ఇంకొంచెం లోపలికి పాకింది. అడుగులు పల్లకి ఎడమవైపుకి వచ్చి, అక్కడ జంటగా ఆగి, మాత వైపు తిరిగి నిలబడ్డాయి. అక్కడే చెక్కమెట్టు ఉంది, స్వరూపానికి అలంకరణ చేసే మనిషి ఎక్కడానికి. ఆ తర్వాత అడుగులు బయటికి వెళ్ళాయి. సందు కిందికి కాదు. ఇంటి వైపు.

భూమి కదిలిందని నమ్మిన మనిషి కప్పు కిందికి తిరిగి వెళ్ళదు. రెండు వేలమంది ఇళ్ళకి దూరంగా పరిగెడుతుంటే ఒక్క మనిషి ఇంట్లోకి నడిచింది. భూమి కదల్లేదని ఆ మనిషికి తెలుసు.

లేచి మెట్టెక్కి టార్పాలిన్ పక్కకి తీసింది. మాత జుట్టు ఒక్క వెంట్రుక చెదరలేదు. కిరీటాన్ని ఎవరూ పీకలేదు, తీశారు. పట్టుబట్ట అంచు తిరగేసింది. కిరీటానికి ఉండాల్సిన మూడు పిన్నులు లోపలివైపు గుచ్చి ఉన్నాయి. రెండు నిలువుగా, ఒకటి అడ్డంగా.

*పిన్నులు నోట్లో పెట్టుకోకే, మింగుతావు. ఇలా గుచ్చు. రెండు నిలువు, ఒకటి అడ్డం. నడిచినా రాలవు.* ఏడేళ్ళప్పుడు ఒక ఆగస్టు పొద్దున, కోడిపెట్ట ఆకారంలో ఉన్న పిన్నులదిండు చేత్తో పట్టుకుని, ఓబ్దూలియా పక్కన ఈ మెట్టు మీదే నిలబడి నేర్చుకుంది.

సబీనా ఎవర్ని చూసిందో ఇక అడగక్కర్లేదు. ముప్పై ఒక్కేళ్ళ కిందట, భూకంపం వచ్చిన ఆదివారం మధ్యాహ్నం ఓబ్దూలియా ఉత్తకాళ్ళతో ఈ గుమ్మం దాటింది. చంకలో ఆరేళ్ళ డెల్ఫినా. పరిగెత్తలేదు, అరవలేదు, సందు మధ్యలోకి వచ్చి శ్మశానం కొండ వైపు నడిచింది. ఆ నడక చూసి వెనకే నడిచిన నలభైమంది బతికారు. చూడనివాళ్ళ మీద ఊరు కూలింది. ఆ తర్వాత ఓబ్దూలియా ఈ ఇంటి తలుపు మళ్ళీ మూయలేదు. ఉత్తకాళ్ళతో గుమ్మం దాటనూ లేదు. సందులో పుట్టిన ప్రతి బిడ్డకీ అది నేర్పకుండానే తెలుసు. ఆవిడ చెప్పులు విడిచి బయటికొస్తే, ఇంక ఏమీ అడగక్కర్లేదు.

ఎవరూ అరవలేదు. ముందు ఎవరూ అరవనే లేదు. సందు ఆ పాదాలు చూసింది, అంతే. అరుపులు తర్వాత వచ్చాయి.

డెల్ఫినా మూడు పిన్నులూ తీసి జేబులో వేసుకుంది. పదహారేళ్ళ ఉద్యోగంలో సాక్ష్యాన్ని కదిలించడం అదే మొదటిసారి.

కానిస్టేబుల్ ఒకడు ఆయాసపడుతూ వచ్చాడు. "మేడం, ఆసుపత్రి నుంచి ఫోన్. ఎవరిస్తో తాత పోయాడు. చౌకులో తెలిసిపోయింది. జనం టోపీలు తీసేశారు. టోపీల్లో రాళ్ళు వేసుకుంటున్నారు."

రెండూ ఇరవై.

*

"మెల్చోరా, నువ్వు సబీనా వాళ్ళింటికి వెళ్ళు. పంతుల్ని కూడా తీసుకెళ్ళు," అంది డెల్ఫినా.

"చారు?"

"నేను చూస్తాను."

వాళ్ళు వెళ్ళాక ఆమె జేబులోంచి పిన్నులు తీసి ఒలిచిన దుంపల పక్కన పెట్టింది. ఓబ్దూలియా వాటిని చూసింది. కత్తి కింద పెట్టింది.

"రెండు నిలువు, ఒకటి అడ్డం," అంది డెల్ఫినా. గొంతు పోలీసుగొంతులా రావాలనుకుంది. రాలేదు.

"నేర్చుకున్నది మర్చిపోలేదన్నమాట."

"ఎందుకు, మద్రీనా?"

"ఉత్సవం కమిటీవాళ్ళు కిరీటం కరిగించేస్తారట. కొత్త ప్రెసిడెంట్ కుర్రాడు లేడూ, వాడు చెప్పాడు. పాత కిరీటం నల్లబడిందట, వంకరగా ఉందట. పట్నం పంపి కరిగించి పెద్దది చేయిస్తారట. ఊరేగింపు అవగానే పంపాలని నిర్ణయం." ఓబ్దూలియా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "వంకరగా ఉండదా మరి? గిన్నెలూ చెంచాలూ బెల్టు బకిళ్ళూ, మట్టిలోంచి తీసినవన్నీ కలిపి చేసింది. చచ్చిపోయినవాళ్ళవి. కిరీటం ఏ ఆకులో ఎవరిది ఉందో నాకు తెలుసు. ముందు ఆకులో నా కూతురు ఇర్మా చెవిపోగులు. వాటిని నేనే తీశాను, ఆ చెవుల్లోంచి. ఎడమవైపు మూడో ఆకులో..."

"మా అమ్మ కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే అంగుస్తాను."

"అంగుస్తాను. కరిగించలేదు, అలాగే అతికించమన్నాను, నువ్వు వేలు పెట్టి చూసుకుంటావని. చూసుకునేదానివి. ప్రతి ఆగస్టులో. నేను పిన్నులు పెడుతుంటే నువ్వు వేలు పెట్టేదానివి."

చారు పొంగింది. ఇద్దరూ లేవలేదు. సార్జెంట్ ఒకసారి తల ఎత్తి మళ్ళీ పడుకుంది.

"అడిగితే ఇచ్చేవాళ్ళు కదా? సందంతా నీ వెనక నిలబడేది."

"చేతులెత్తమన్నారు. సందంతా చేతులెత్తింది, కరిగించమని. మొదట నలుగురు ఎత్తారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు. సబీనా కూడా. బయటికొచ్చాక ఎందుకెత్తావే అంటే, ఏమో అక్కా అందరూ ఎత్తారు కదా అంది." ఓబ్దూలియా నవ్వింది. "ఇంటికొచ్చి ఏడ్చిందట. అప్పుడే అనుకున్నాను. వీళ్ళు మాట వినరు. నడక చూస్తారు. నేను గుమ్మం దాటితే కొండకి పోతారు, అప్పట్లాగే. కాసేపు పచ్చికలో కూర్చుని తిరిగొస్తారు. మాతే తీసుకుపోయిందనుకుంటారు. ఎవరికీ ఏమీ కాదనుకున్నాను."

"అప్పుడు నలభైమంది. ఈ రోజు రెండు వేలమంది, మద్రీనా. సగంమందికి కొండదారే తెలియదు. మొదటి నలుగురూ నిన్ను చూశారు. మిగతావాళ్ళు పరిగెత్తేవాళ్ళ వీపులు చూశారు. అందరూ కిందికి, మెట్ల మీదికి పోయారు."

"ఎవరిస్తోకి ఎలా ఉంది? ఇలారియో కట్టు కట్టాడట కదా."

డెల్ఫినా ఆవిడ మొహం వైపే చూసింది. ఓబ్దూలియా మెల్లగా తల ఊపింది, వంటలో ఉప్పు చాలలేదని ఎవరో అన్నట్టు.

"ఎప్పుడు?"

"రెండింటికి ముందు."

"నా పెళ్ళిలో వాయించాడు," అంది ఓబ్దూలియా. "హార్ప్ భుజం మీద పెట్టుకుని, తలకిందులుగా, నడుస్తూ. గుర్రం కంటే ముందు నడిచాడు. ఒక్క తీగ తప్పలేదు. భోజనాల దగ్గర మా ఆయన్ని పక్కకి నెట్టి నాతో ఒక చిందు వేశాడు. చెప్తే నువ్వు నమ్మవు, అప్పుడు నా నడుము ఇంతే ఉండేది." రెండు చేతులతో చూపించింది. ఆ చేతుల మధ్య ఖాళీని కాసేపు అలాగే పట్టుకుంది.

చౌకు వైపు నుంచి ఒక చప్పుడు వచ్చింది. అరుపు కాదు. వందలమంది ఒకేసారి ఒక అడుగు ముందుకి వేసిన చప్పుడు.

రెండూ ముప్పై అయిదు.

"ఇలారియోకి నలుగురు పిల్లలు," అంది డెల్ఫినా. "నేను నీ పేరు కెప్టెన్‌కి చెప్పాలి. చెప్పినా లాభం లేదేమో. చౌకులో వాళ్ళు కాగితాలు చూడరు."

"చూడరు." ఓబ్దూలియా లేచింది. మొక్కజొన్నల బుట్టలో చెయ్యి పెట్టి, గింజల కిందనుంచి కిరీటం తీసింది. నల్లబడి, వంకరగా, డెల్ఫినాకి గుర్తున్నదాని కంటే చిన్నగా ఉంది. కొంగుతో తుడిచింది. ఒక్క క్షణం ఆగి డెల్ఫినా చెయ్యి పట్టుకుని మూడో ఆకు మీద పెట్టింది. అంగుస్తాను చల్లగా, గుంటలు గుంటలుగా తగిలింది. అందులో వేలు ఇప్పుడు పట్టలేదు.

తర్వాత ఓబ్దూలియా కూర్చుని చెప్పులు విడిచింది. వేళ్ళ సందుల్లో నీలం రంగు. కడిగినా పోలేదు.

"ఏం చేస్తున్నావు?"

"పల్లకి పిన్నులు ఇటివ్వు. శాలువాకి పెట్టుకోవాలి. జారిపోతోంది."

ఇచ్చింది. చిన్నప్పుడు ఇచ్చినట్టే, మొనలు తన వైపు తిప్పుకుని ఒక్కొక్కటే ఇచ్చింది. ఇచ్చాక గానీ ఆవిడ ఏం చేయబోతోందో తట్టలేదు.

"చౌకు మధ్యలోంచి నడుస్తాను," అంది ఓబ్దూలియా. "కిరీటం చేతుల్లో పెట్టుకుని. అందరూ చూస్తారు. చూశాక నా వెనక వస్తారు, రాకుండా ఉండలేరు. కొండకి తీసుకుపోతాను. స్టేషన్ ముందు ఒక్కడు కూడా మిగలడు. అప్పుడు ఇలారియోని బస్సెక్కించుకో, ఇంటికి పంపించుకో, నీ ఇష్టం. కొండమీద వాళ్ళకి జరిగింది చెప్తాను."

"కొండమీద పోలీసులుండరు! ఎవరిస్తో కొడుకులు ముగ్గురూ ఆ గుంపులో ఉన్నారు. టోపీల నిండా రాళ్ళున్నాయి. నువ్వు చెప్పగానే..."

"వాళ్ళ నాన్న గురించి వాళ్ళకి చెప్పేది నేనే. ఇంకొకరు చెప్పకూడదు."

"నేను వస్తాను. నీ పక్కనే నడుస్తాను."

"నువ్వు టోపీ పెట్టుకుని పక్కన నడిస్తే అది అరెస్టు. అరెస్టు వెనక ఎవరూ నడవరు. మీద పడతారు." ఓబ్దూలియా గుమ్మం దాకా వెళ్ళింది. డెల్ఫినా అడ్డంగా నిలబడటానికి ముందుకొచ్చింది. ముసలావిడ ఆమె భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపింది. ఆ పట్టులో చిన్నప్పటి బలమే ఉంది. చంకలో పెట్టుకుని కొండెక్కిన చెయ్యి. డెల్ఫినా ఆరేళ్ళ పిల్లలాగే జరిగిపోయింది.

ఓబ్దూలియా గుమ్మం దాటి, వెనక్కి తిరిగి, ఉత్తకాలితో ఏటిరాయిని తోసింది. ముప్పై ఒక్కేళ్ళుగా కదలని రాయి ఒక పక్కకి ఒరిగి దొర్లింది. దాని కింద నేల తెల్లగా, గుండ్రంగా ఉంది. సార్జెంట్ లేచి నిలబడి, ఆ రోజంతటిలో మొదటిసారి మొరగడం మొదలుపెట్టింది.

"మద్రీనా, వద్దు..."

"ఆ టోపీ తీసెయ్యి. నీకు బాగోలేదు."

తలుపు మూసుకుంది. బయటి నుంచి తాళంచెవి తిరిగింది. ఆ తలుపుకి తాళం ఉందనే డెల్ఫినాకి అప్పటిదాకా తెలియదు.